నల్ల గౌను మీద రోజిన్ పొడి

కమానుకు రోజిన్ రుద్దిన చేత్తోనే వకాలత్ మీద సంతకం చేసే తల్లీ, నీకు జోహారు.

మూసీ ఒడ్డున హైకోర్టు మెట్లెక్కుతుంటే నీ నల్ల గౌను మడతల్లో తెల్లటి పొడి కనపడుతుంది. తోటి ప్లీడర్లు సుద్దముక్క పొడి అనుకుంటారు. పెట్టెలో ఫిడేలు మీద దుప్పటిలా కప్పి తెచ్చిన గౌను కదా, అంటకుండా ఎలా ఉంటుంది? దులుపుకోకు. తెల్లవారకముందే భైరవి వర్ణం మూడు కాలాల్లో వాయించి వచ్చావనడానికి అదొక్కటే సాక్ష్యం. ఎడమచేతి వేళ్ల కొసల్లో తీగ కోసిన గాట్లున్నాయి. ఆ వేళ్లతోనే అగ్రిమెంటు పేజీలు తిప్పుతావు. ఎంత పదునైన కాగితమైనా అక్కడ నిన్ను కోయలేదు. స్టీలు తీగ ఆ చోటును ఏనాడో కాయ కట్టించింది.

రెండు పడవల మీద కాళ్లు పెట్టకమ్మా అన్నారు గురువుగారు. ఛాంబర్లో సీనియరూ అదే మాట అన్నారు. ఇద్దరూ ఎవరి పడవలోకి వాళ్లు రమ్మన్నారు గనుక నువ్వు ఇద్దరికీ దణ్ణం పెట్టి ఊరుకున్నావు. బార్ అసోసియేషన్‌లో నిన్ను ఫిడేలమ్మ అంటారు, గానసభలో వకీలమ్మ అంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు పిలిచేవాళ్లు ఇంటి దగ్గర తప్ప ఎక్కడా లేరు.

నీ బతుకును పొగిడేవాళ్లు సమతూకం అంటారు. నాకా మాట మీద నమ్మకం లేదు. ఒకటి రెండోదాన్ని కొరుక్కు తింటూనే ఉంటుంది. వాయిదాలు వరసగా పడిన వారం రీతిగౌళలో నిషాదం నిలవదు. నీకు తెలుస్తుంది, మృదంగం వాయించే పెద్దాయనకు తెలుస్తుంది, ఆయన తల ఊపడం ఒక్క క్షణం ఆపుతాడు, అంతే. డిసెంబరులో మద్రాసు సభల నుంచి పిలుపొస్తే కాజ్ లిస్టు చూసుకుని గాని ఒప్పుకోలేవు. నేను మొక్కేది తూకానికి కాదు. ఒక దాంట్లో నేర్చినది రెండో దాంట్లోకి చెప్పాపెట్టకుండా జొరబడుతుందే, ఆ జొరబాటుకు.

నీకు ముందు నడిచినవాళ్లు లేకపోలేదు. టి.ఎల్. వెంకటరామ అయ్యర్‌ను తలుచుకో. ముత్తుస్వామి దీక్షితుల కృతులంటే ఆయన్ను అడగాల్సిందే అనిపించుకున్న మనిషి, డి.కె. పట్టమ్మాళ్‌కు ఆ కృతులు నేర్పిన మనిషి. 1944లో సంగీత కళానిధి బిరుదు, 1954లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి పీఠం. ఏ కొలువులోనూ ఆయన్ను అతిథిగా చూసినవాళ్లు లేరు.

వినడం నీ చేత పనిచేయిస్తుంది. పక్కవాద్యం కదా నీది. గాయకుడు నెరవు మొదలుపెట్టాక ఎటు పోతాడో నీకు ముందు తెలియదు. ఊపిరి ఎక్కడ ఆగబోతోందో మాత్రం తెలుస్తుంది, అక్కడికి నీ కమాను ముందే చేరుకుని నిలబడుతుంది. జూబ్లీహిల్స్‌లో ఏసీ గదిలో బల్లకవతల కూర్చున్న కంపెనీ మనిషి "అది స్టాండర్డ్ క్లాజే మేడమ్, అందరూ చేస్తున్నారు" అంటాడు. మాట మామూలుగానే ఉంటుంది, చివర గొంతు అర స్వరం దిగుతుంది. పక్కనున్న జూనియర్‌కు వినపడదు. నువ్వు ఆ పేజీ మళ్లీ వెనక్కి తిప్పుతావు.

ఆ క్లాజు సంగతి చెప్పుకోవాలి. పాట కట్టినవాడు తన హక్కులన్నీ విశ్వమంతటా, శాశ్వతంగా, ఇప్పుడున్న మాధ్యమాల్లోనూ ఇకముందు కనిపెట్టబోయే మాధ్యమాల్లోనూ ధారపోస్తున్నట్టు రాసి ఉంటుంది. కన్యాదానానికైనా ఇంత విస్తారమైన సంకల్పం ఉండదు. ఇరవై రెండేళ్ల కుర్రాడు, మొదటి సినిమా, చెయ్యి వణుకుతోంది, సంతోషంతోనే వణుకుతోంది. "అక్కా, ఎక్కడ సంతకం పెట్టాలి?" అంటాడు. నువ్వు పెన్ను ఇవ్వవు. కాఫీ తెప్పిస్తావు. సినిమాతో కలిపి హాల్లో ఆడినప్పుడు సరే, బయట ఇంకెక్కడ ఆ పాట మోగినా వచ్చే రాయల్టీలో సమాన వాటా నీది, దాన్ని రాసిచ్చేద్దామన్నా చట్టం ఒప్పుకోదురా నాన్నా, 2012లో సవరించారు అని చెబుతావు. వాడికి సగమే అర్థమవుతుంది. వాడి గొంతులో ఉన్న వరసకు పదేళ్ల తర్వాత అన్నం పెట్టే మాట అది.

మౌనాన్ని నీ రెండు విద్యలూ గౌరవిస్తాయి. ఆలాపనలో షడ్జం ముందు నువ్వు ఆగే ఆ రెప్పపాటుకు సభ అంతా నీ కమాను కేసి చూస్తుంది. కాగితం మౌనంగా ఉంటే మన కాపీరైట్ చట్టం కూడా అలాగే చెవి పెట్టి వింటుంది: హక్కు ఎన్నాళ్లకు ఇచ్చారో రాయకపోతే అయిదేళ్లకే ఇచ్చినట్టు, ఏ మేరకో రాయకపోతే భారతదేశం మేరకే ఇచ్చినట్టు. ఆ రెండు ఉపవాక్యాలూ ఎవరు రాశారో గాని, పాడేవాళ్ల మీద కనికరమున్న మనిషి అయివుండాలి.

అదే చట్టంలో ప్రదర్శకులంటే ఎవరో చెప్పే జాబితా ఒకటుంది. నటులు, గాయకులు, వాద్యకారులు, నర్తకులు, పిల్లిమొగ్గలు వేసేవాళ్లు, గారడీవాళ్లు, పాములాడించేవాళ్లు, ఉపన్యాసకులు. తోడి ఆలపించే విద్వాంసుడూ బూర ఊదే పాములవాడూ ఒకే పంక్తిలో కూర్చున్నారు. కొందరికి ఇది నామోషీ. నీకు మాత్రం ఎంత ముచ్చటో! నాగస్వరం మీద పున్నాగవరాళి విన్నవాళ్లకు ఆ పంక్తిలో తప్పేమీ కనపడదు.

కానీ ఆ నిర్వచనం కింద చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంది, అక్కడ నీ గొంతు మారుతుంది. సినిమాలో ఎవరి పని యాదృచ్ఛికమో, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం ఎవరి పేరు టైటిల్స్‌లో ఎక్కడా పడదో, అలాంటివాళ్లు ప్రదర్శకుల లెక్కలోకి రారు. వాళ్లు చేసినదాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కొక్కటే వాళ్లకు మిగులుతుంది. రికార్డింగ్ థియేటర్లో మూడో వరసలో వాయించినదానివి నువ్వు. చెవుల్లో క్లిక్ టకటకమంటుండగా, తెర మీద హీరోయిన్ రైలెక్కుతుండగా, పన్నెండు ఫిడేళ్లతో పాటు నీ ఫిడేలూ ఒకే ఊపిరి పీల్చింది. ఆ బిట్ ఇప్పటికీ పెళ్లి వీడియోల్లో, ఫోన్ రింగుల్లో మోగుతుంది. కాల్షీటు లెక్కన ఇచ్చిన డబ్బు ఆ నెల అద్దెకు సరిపోయింది. అందుకే నీ ముందుకొచ్చిన ఏ అగ్రిమెంటులోనైనా వాద్యకారుల పేర్లు వేయాలనే వాక్యం నీ చేతిరాతతో మార్జిన్‌లో చేరుతుంది. ఎదుటి పక్షం కొట్టేస్తుంది. మళ్లీ రాస్తావు. సాధకం చేసే మనిషికి ఒకే పంక్తి వందసార్లు అనడంలో విసుగేముంది!

1977లో సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చింది. నిర్మాత డబ్బిచ్చి సినిమా కోసం పాట కట్టించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, ఆ హక్కు నిర్మాతదే అని. ఆ తీర్పు చివర జస్టిస్ కృష్ణయ్యర్ తనదిగా ఒక అనుబంధం జోడించారు. స్వరం రాసినవాడికి హక్కుండి పాడినవాడికి లేకపోవడం మన సంగీతానికి నప్పే పద్ధతి కాదనీ, పార్లమెంటు ఈ సంగతి చూడాలనీ దాని సారాంశం. కోర్టు తీర్పులో ఎక్కడైనా గమకం ఉందంటే అక్కడుందని నేనంటాను. చట్టసభ కదలడానికి 1994 దాకా పట్టింది. ఆ సవరణే ఇంకో పని కూడా చేసింది. అంతకుముందు చట్టం లెక్కలో సంగీత రచన అంటే కాగితం మీదికి ఎక్కి ఉండాలి. గురువు నోటినుంచి శిష్యుడి చెవికి తప్ప మరో దారి ఎరగని దేశంలో ఎవరు పెట్టిన నియమమో అది! ఇప్పుడు రాతలో లేకున్నా సంగీతం సంగీతమే.

ఇక అన్నమయ్య దగ్గరికొచ్చేసరికి నీలోని ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుంటారు. 1503లో కన్నుమూసిన మనిషి. ఆయన మాట ఎవరి ఆస్తీ కాదు, రేకుల మీద నుంచి తీసి ఎవరైనా పాడుకోవచ్చు. అయితే రాగిరేకులు సాహిత్యాన్ని, రాగం పేరును దాచాయి గాని వరసను దాచలేదు. ఈనాడు మన ఇళ్లలో మోగే వరసలు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటివారు కూర్చుని కట్టినవి. నేదునూరి వెళ్లిపోయింది 2014లో. రచయిత పోయాక 60 ఏళ్లు రక్షణ అనేది లెక్క. అయిదు వందల ఏళ్లనాటి మాట స్వేచ్ఛగా తిరుగుతుంటే, దాని ఒంటి మీది బాణీ ఇంకా పసిది, దానికి కాపు కావాలి. ఈ తేడా చెప్పడానికి లా పుస్తకం చాలదు, తంబూరా ఒక్కటీ చాలదు.

మోహనంలో రెండు పాటలు ఒకలాగే ఉన్నాయని ఎవరో దావా వేస్తారు. గ ప ద స అనే నడక ఎవరి సొంతమూ కాదని నిరూపించాలి. ఫైలు మూసి, జడ్జిగారి అనుమతితో, మెల్లగా గొంతు విప్పి ఆ నాలుగు స్వరాలూ అంటావు. ఆ వెంటనే అవే స్వరాలను మూడు రకాలుగా. బెంచి క్లర్కు టైపు చేయడం మానేసి తలెత్తుతాడు. రాగం ఉమ్మడిది, దానిలో ఒకడు తిరిగిన తీరు మాత్రం వాడిది అన్న వాదన అంతకంటే సూటిగా రాతలో పెట్టలేం.

అన్నీ ఇంత తేలిగ్గా తేలవు. 2017 మార్చిలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం అమెరికాలో కచేరీలు చేస్తుండగా ఇళయరాజా తరఫు నోటీసు అందింది: అనుమతి లేకుండా నా పాటలు పాడవద్దని. బాలు గారు గొడవ పెట్టుకోలేదు, ఆ పర్యటనలో ఆ పాటలు పక్కన పెట్టేశారు. ఆ రోజు నీలోని ప్లీడరు స్వరకర్త హక్కు వేరు, గాయకుడి హక్కు వేరు, నోటీసులో లోపం లేదు అంది. నీలోని ఫిడేలు ఏమీ అనలేదు. ఆ ఇద్దరిలో ఎవరి వకాలత్ పుచ్చుకునేదానివో నేను అడగలేదు. రెండేళ్లకు వాళ్లిద్దరూ మళ్లీ ఒకే వేదిక ఎక్కారు. దావా దాకా పోని తగువులంటే నీకు ఫీజు రాకపోయినా ఇష్టమే.

గురువారాలకు జోహారు. రేపు సినిమా విడుదల. ఆపమని ఎవరో రిట్ వేశారు, నువ్వు నిర్మాత తరఫున. లంచ్ మోషన్. రెండున్నరకు వాదనలు మొదలై, నాలుగుకు ఉత్తర్వు రిజర్వు అయి, నాలుగుంపావుకు మళ్లీ పిలిచి పిటిషన్ కొట్టేస్తారు. ఆరున్నరకు చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కచేరీ. ఆటోలో ఫోన్‌లో శ్రుతిపెట్టె పెట్టుకుని చెవికి ఆనించుకుంటావు. డ్రైవరు అది బండి హోరనుకుని ఇంజను కేసి వంగి చూస్తాడు. మెడ దగ్గర బ్యాండు విప్పి హ్యాండ్‌బ్యాగులో పడేసి, కొంగు సర్దుకుని, కుడి మడమ మీద ఫిడేలు తల ఆనించి బిరడా తిప్పేసరికి తెర లేస్తుంది. నిర్మాత మొదటి వరసలోకి వచ్చి కూర్చుంటాడు, పూలబొకేతో. తని ఆవర్తనం నడుస్తుంటే ఆర్డర్ కాపీ ఎప్పుడు అప్‌లోడ్ అవుతుందని సైగ చేసి అడుగుతాడు. నువ్వు తాళం వేస్తున్న చెయ్యి ఆపకుండా, కళ్లతోనే, సమం వచ్చాక అంటావు.

ఇంకో చిక్కు. వకీలు ప్రకటన ఇచ్చుకోరాదు, బార్ కౌన్సిల్ నియమం. కళాకారుడికి పోస్టరు లేనిదే జనం రారు. గోడ మీద నీ బొమ్మ వేసి కింద "ప్రముఖ న్యాయవాది" అని రాస్తామన్న కార్యదర్శికి దండం పెట్టి, ఆ రెండు మాటలూ తీయించావు. ఆకాశవాణిలో వాయించడానికి మాత్రం అడ్డు లేదు. ప్రసారాలు, పత్రికారచన, పాఠాలు చెప్పడం వకీలుకు తగినవేనని ఆ నియమాలే ఒప్పుకుంటాయి.

ఇన్ని కాగితాలు ఇంత నిశితంగా చదివే దానివి, కచేరీ అయ్యాక కార్యదర్శి శాలువా కప్పి చేతిలో పెట్టే కవరు మాత్రం విప్పి చూడవు. ఎంతిస్తారని ముందు అడగవు. రికార్డు చేసుకుంటున్న కెమెరా ఎవరిదో, ఆ వీడియో ఏ ఛానెల్లోకి ఎక్కుతుందో కనుక్కోవు. కవరు ఫిడేలు పెట్టెలో, గౌను కింద దూర్చేసి, "మళ్లీ పిలవండి" అని నవ్వుతావు. ప్రదర్శకుల హక్కు 50 ఏళ్లుంటుందని ఊరంతటికీ చెప్పే తల్లీ, వచ్చే నెల రవీంద్రభారతి కచేరీకైనా ఒక పేజీ అగ్రిమెంటు రాయించుకో. ఫీజు అక్కర్లేదని నీ దగ్గరే జూనియర్‌గా ఉన్న పిల్ల మూడుసార్లు చెప్పింది.