లేపాక్షి కప్పుచిత్రములు: రేఖావిచారము

లేపాక్షి వీరభద్రాలయపుఁ గప్పుమీఁది చిత్రములను గూర్చి వ్రాయువారిలోఁ బలువురు ముందుగా అజంతా పేరెత్తి, పిదప దానితోఁ బోల్చి వీనిని క్షీణదశకుఁ జేర్చుట పరిపాటియైనది. అజంతాలోని శరీరములకు నిండుదనము కలదు. నీడవెలుఁగుల పొందికచే అవయవములు గోడనుండి పైకి నుబికినట్లు తోఁచును. లేపాక్షిలో నట్టి వర్తన మిక్కిలి స్వల్పము. సమముగా రంగు పఱచి, చుట్టును గీఁత గీసి విడిచినారు. కావునఁ బదునాఱవ శతాబ్దినాఁటికి మన చిత్రకారులు పూర్వవిద్యను మఱచిరని వీరి నిర్ణయము. ఇది సమంజసముగాఁ దోఁపదు.

విష్ణుధర్మోత్తరమునందలి చిత్రసూత్రము రేఖ, వర్తన, భూషణము, వర్ణము అను నాలుగింటిని బేర్కొని, ఒక్కొక్కటి యొక్కొక్క తరగతి ప్రేక్షకులకుఁ బ్రియమని చెప్పుచు, ఆచార్యుల మెప్పును రేఖకే యొసఁగినది. వర్తనాభేదములను వివరించిన గ్రంథమే యిట్లు చెప్పుట గమనింపఁదగినది. ఆ గ్రంథమునే అజంతాకుఁ బ్రమాణముగాఁ గొని, లేపాక్షికి వచ్చునప్పటికి మూలఁబెట్టుట న్యాయము గాదు.

ఇంక లేపాక్షి చిత్రకారుఁడు రేఖనేల ఆశ్రయించెనో చూతము. ఆలయశాసనములు అచ్యుతదేవరాయల (1529–1542) కాలమువి. విరుపణ్ణ, వీరణ్ణ యను సోదరులు నిర్మాతలుగాఁ బ్రసిద్ధులు. అజంతాలోఁ గథాచిత్రములు ప్రధానముగా గోడలపైనివి. చూచువాఁడు వాని యెదుట నిలువఁగలఁడు. ఇచ్చటనో, కథ మండపపుఁ గప్పుపై నిడుపాటి పట్టెలుగా సాగును. తలయెత్తి, నడచుచు, మసక వెలుతురులో దానిని జదువుకొనవలెను. అంత యెత్తున సన్నని నీడలు కానరావు. గట్టి గీఁత కానవచ్చును. రంగులా, కొలఁదివి: జేగురు, పసుపువన్నె మన్ను, ఆకుపచ్చ మన్ను, సున్నపుఁ దెలుపు, మసినలుపు. కిరాతార్జునీయపుఁ బట్టెలోని వరాహమును జూచినవానికి ఆ వెన్నుగీఁత యొక్కటియే దాని వేగమును, బరువును దెలుపును. అచ్చట నీడ పూసినచో వేగము తగ్గియుండెడిది గాని హెచ్చియుండదు.

మనునీతిచోళుని కథయు నిట్టిదే. రాకొమరుని రథము క్రిందఁ బడి దూడ చచ్చుట, ఆవు ధర్మఘంటను మ్రోయించుట, రాజు కొడుకునే దండించుట వరుసగా సాగును. ఇది తమిళదేశపుఁ గథ. తెలుఁగుకన్నడముల సరిహద్దుననున్న గుడికి నిది యెట్లు వచ్చెనో చరిత్రకారులు విచారింపవలసినదే. రాయల యేలుబడిలో సేనలతోఁబాటు కథలును బయనించినవేమో! చిత్రవిషయమున మాత్రము ఒక సంగతి స్పష్టము: ఒకే రాజు పట్టెలో మఱల మఱలఁ గానవచ్చినను జూచువాఁడు తడఁబడఁడు. ఆకృతిని గీఁత నిశ్చయించినందుననే యిది సాధ్యమైనది.

దోషములు లేవని నా వాదము గాదు. చిత్రసూత్రము తొమ్మిది స్థానములను జెప్పగా, ఇచ్చట ముఖములు పెక్కులు పార్శ్వమునకే తిరిగి యొకే యచ్చునఁ బోసినట్లుండును. పెండ్లికి వచ్చిన స్త్రీకిని, గొలువున నిలిచిన స్త్రీకిని ముఖమున భేదము కానరాదు; భేదమంతయుఁ గొప్పులోను, చీర యంచులలోను గలదు. క్షీణతయన్నచో నిదియే క్షీణత. అది భావమునకు వచ్చినది గాని రేఖకు రాలేదు. భూషణము మితిమీఱి ముఖము స్థానము నాక్రమించినదనవచ్చును. ఐనను ఆ మితిమీఱుటవలన మనకు లాభించినదియుఁ గలదు. శ్రీనాథునిదిగాఁ బేరొందిన చాటువునుబట్టి పాఠశాలలోఁ గుల్లాయి, యనఁగానేమో నోటిమాటలతో వివరింప యత్నించు పండితులు, ఇచ్చటి ప్రభువుల తలలపై నిక్కిన టోపీలను విద్యార్థులకుఁ జూపిన మాటతో పని యుండదు.

పలుచోట్లఁ బూఁత పెచ్చులూడినది, రంగు వెలసినది. రంగు పోయినచోఁ గూడ గీఁత మిగిలియున్నంతవఱకుఁ గథ తెలియుచునే యున్నది. వీనిని బాగుచేయఁబూనువారు రంగును గూర్చి యోచించుటకు ముందు, ప్రతిపట్టెకును గీఁతమాత్రమైన నకలును ఉన్నపరిమాణముననే తీయించి యుంచవలెను. చెదరిన రంగును మఱల నద్దవచ్చును. వరాహపు వెన్నుగీఁత నొకసారి దిద్దినచో మఱల నది ఆనాఁటి చేతి గీఁత కాఁజాలదు.