మంజిష్ఠారాగం

17వ శతాబ్దపు ఇంగ్లండులో ఒక దుకాణదారు కన్నుమూస్తే ఇరుగుపొరుగువాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి, గది గదీ తిరిగి జాబితా రాసేవాళ్లు. మంచం, పరుపు, తగరపు పళ్లేలు, కొట్లో మిగిలిన సరుకు. ఒక్కో వస్తువుకీ ఎదురుగా వెల. బతుకంతా కూడబెట్టింది రెండు మూడు కాగితాల్లోకి దిగిపోయేది. శతాబ్దం గడిచేకొద్దీ ఆ జాబితాల్లోకి మన దేశపు నూలు దుప్పట్లు, అద్దకపు తెరలు వచ్చి చేరాయి. లండన్ దర్జీ కొడుకు శామ్యూల్ పీప్స్ 1663 సెప్టెంబరులో భార్య గది గోడలకు కట్టడానికి అలాంటి చీటీబట్ట కొని, ఎంత బాగుందోనని డైరీలో రాసుకున్నాడు. వెల కట్టేవాళ్లు గజాలు లెక్కపెట్టగలరు. రంగును ఎలా లెక్కపెడతారు?

ఆ రంగుల్లో పేరెన్నికగన్న ఎరుపు ఒకటి మన ఇసుకలో పుట్టింది. తెనాలిలో రేపల్లె రైలెక్కి, అక్కడ దిగి సముద్రం వైపు వెళితే నిజాంపట్నం. ఇప్పుడది బాపట్ల జిల్లాలో చేపల పడవల రేవు. దాని పాతపేరు పెద్దపల్లి, పరదేశుల నోట పెటపోలి. 1606లో బట్టల కోసం డచ్చివాళ్లు వచ్చారు. 1611 ఆగస్టులో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ లంగరు వేసింది. అందులో వచ్చిన వర్తకుడు పీటర్ ఫ్లోరిస్ పుట్టుకకు డచ్చివాడు, కొలువు ఇంగ్లీషు కంపెనీది. 1615లో లండన్ చేరి, చేరిన కొద్దికాలానికే పోయాడు. అతను రాసుకున్న దినచర్య మాత్రం నిలిచింది.

ఇక ఆ ఎరుపు. చిరువేరు అనే చిన్న మొక్క, సముద్రపు గాలి తగిలే ఇసుకనేలలో వేరు లోతుకు పంపుతుంది. గవ్వల సున్నం కలిసిన నేలైతే వేరులో రంగు చిక్కన. నూలుబట్టను కరక్కాయ నీళ్లలో, గేదెపాలలో తడిపి ఆరవేస్తారు. తర్వాత పటికనీళ్లలో ముంచిన కలంతో పువ్వు గీస్తారు. గీసినప్పుడు ఆ పువ్వు కంటికి ఆనీ ఆననట్టు ఉంటుంది. బట్టను చిరువేరుతో కలిపి ఉడికిస్తే పటిక తాకినచోటల్లా ఎరుపు మేలుకుంటుంది. మన ఆలంకారికులు రసం కొత్తగా తయారవదు, ఉన్నదే వ్యక్తమవుతుందన్నారు. ఆ మాటకు ఇంతకన్నా చక్కని ఉదాహరణ నాకు తెలియదు.

భరతుడు ఎరుపును రౌద్రానికిచ్చాడు. ఈ ఎరుపు ముందు ఆ పంపకం నాకు ఒప్పదు. ఇందులో కోపం లేదు, కేక లేదు. పండిన దానిమ్మగింజ లోపలి చల్లదనం ఉంది. సంస్కృతంలో రాగమంటే ఎరుపే, ప్రేమా అదే. సాహిత్యదర్పణంలో విశ్వనాథుడు పూర్వరాగాన్ని, అంటే కలయికకు ముందటి ప్రేమను, మూడుగా విడదీశాడు. నీలిరాగం పోదు కానీ వెలగదు. కుసుంభరాగం వెలుగుతుంది, వెలిసిపోతుంది. మంజిష్ఠారాగం వెలుగుతుంది, ఎప్పటికీ పోదు. మంజిష్ఠ, చిరువేరు ఒకే కుటుంబపు మొక్కలు! ప్రేమకు పేరు వెతుక్కుంటూ ఆ పండితుడు రంగులబాన దగ్గరికే వెళ్లాడు.

1618 నుంచి 1622 దాకా మచిలీపట్నంలో ఉన్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెథ్‌వోల్డ్‌కు విశ్వనాథుడెవరో తెలియదు. అయినా ఈ తీరపు అద్దకాల గురించి రాస్తూ, ఎన్నిసార్లు ఉతికినా బట్ట ఉన్నన్నాళ్లూ రంగు పోదన్నాడు. 1626లో అచ్చయిన ఆ మాట వర్తకుడి వచనంలో మంజిష్ఠారాగానికి లక్షణమే. ఇలాంటి బట్టలకు జడిసి ఇంగ్లండు 1700లో అద్దకపు నూలుబట్టల దిగుమతిని నిషేధిస్తూ చట్టం చేసింది.

చిరువేరును నిలువునా తీసింది మాత్రం చట్టం కాదు. 1868లో జర్మన్ రసాయనవేత్తలు గ్రేబ, లీబర్మాన్ ఈ ఎరుపులోని అసలు పదార్థం అలిజరిన్‌ను బొగ్గుతారు నుంచి కృత్రిమంగా తయారుచేశారు. ఆపైన వేళ్లు తవ్వేవాళ్లకు పని తగ్గిపోయింది.

కోరమండల్ తీరంలో 1610, 1640 మధ్య అద్దిన ఏడు పలకల తెర ఒకటి న్యూయార్క్ బ్రూక్లిన్ మ్యూజియంలో ఉంది. ఒక పలకలో టోపీల దొరలూ ఉన్నారు. ఆ ఊళ్లో ఉన్న తెలుగువాళ్లారా, దాన్ని ప్రదర్శనకు పెట్టినప్పుడు వెళ్లి చూడండి. దొరలను తర్వాత చూడొచ్చు. ముందు ఆ ఎరుపు చూడండి.