చూరు కింది సగం ఇల్లు

పాల్వంచ దాటి గోదావరి వైపు, అక్కడి నుంచి దుమ్ముగూడెం, చర్ల అడవుల్లోకి సాగే దారుల వెంట ఉన్న కోయ గూడేల్లో పాతకాలపు ఇంటిని గోడల మధ్య కొలిస్తే చాలా చిన్నది. ఒక గది, మహా అయితే రెండు. లోపల పొయ్యి, ధాన్యం గాదె, విత్తనాలు దాచే అటక. అంత చిన్న ఇంట్లో పెద్ద కుటుంబం ఎలా బతికిందన్న ప్రశ్నకు జవాబు గోడల బయటే ఉంది. అరుగు, వసారా, పందిరి, దడి కట్టిన వాకిలి కలిస్తేనే ఆ ఇల్లు పూర్తవుతుంది. ఈ మాట ఇప్పుడే గట్టిగా చెప్పుకోవాలి. 2024 మార్చి 11న ఇందిరమ్మ ఇళ్ల పథకానికి భద్రాచలంలోనే శ్రీకారం చుట్టారు. సొంత జాగా ఉన్న పేద కుటుంబానికి 5 లక్షల రూపాయల సాయం, కనీసం 400 చదరపు అడుగుల ఇల్లు. పేదలకు గట్టి ఇల్లు దక్కడం ఎంతైనా అవసరం. కానీ ఆ ఇంటి నమూనాలో వసారాకు చోటు లేకపోతే, అడవి అంచు కుటుంబం చేతికి వచ్చేది సగం ఇల్లే.

పాత ఇంటి పనితనం చూడండి. మట్టి పోసి, దిమ్మిసతో కొట్టి నేలను ఎత్తు చేస్తారు. గోడను ఆ దిమ్మె అంచున కాక కొంత లోపలికి జరిపి లేపుతారు. బయట మిగిలిందే అరుగు. వెదురు దబ్బలతో తడిక అల్లి, పేడ కలిపిన మట్టిని రెండు వైపులా మెత్తితే అదే గోడ. పైకప్పు వాసాలు గోడ దగ్గర ఆగవు, అరుగు దాటి గుంజల మీదికి దిగుతాయి. పెద్దవాళ్లు తల వంచితే గాని లోపలికి పోలేనంత కిందికి చూరు వస్తుంది. వాన జల్లు మట్టి గోడను కరిగించకుండా చేసిన ఏర్పాటు అది. దానివల్లే గోడకూ వానకూ నడుమ మనుషులు మసలే నీడ ఏర్పడింది. ముందున్న పందిరి మీదికి వానాకాలంలో బీర, ఆనప, చిక్కుడు తీగలు పాకుతాయి. ఎండాకాలంలో ఆకుల కొమ్మలు పరుస్తారు. ఆపైన పేడతో అలికిన వాకిలి, చుట్టూ వెదురు దడి. చీకటి గది నుంచి ఎండ వాకిలి దాకా వెలుగు కొంచెం కొంచెంగా పెరుగుతూ పోతుంది. ఏ పూట ఏ పని ఎక్కడ చేసుకోవాలో ఆ వెలుగే చెబుతుంది.

ఈ కొలతల వెనుక ఆకాశపు లెక్క ఉంది. భద్రాచలం భూమధ్యరేఖకు ఉత్తరాన దాదాపు 17.7 డిగ్రీల దగ్గర ఉంది. మే నుంచి జులై దాకా మధ్యాహ్నపు సూర్యుడు ఇంచుమించు నడినెత్తిన ఉంటాడు. డిసెంబరు చివర మాత్రం దక్షిణాన 49 డిగ్రీల ఎత్తుకు మించి రాడు. కాబట్టి ముందుకు సాగిన చూరు వేసవి మధ్యాహ్నపు ఎండను గోడ దాకా రానివ్వదు. చలికాలపు ఎండను దక్షిణపు అరుగు మీదికి రానిస్తుంది. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఈ సీమలో కాంక్రీటు స్లాబు పగలంతా తాగిన వేడిని రాత్రి గదిలోకి వదులుతుంది. అలాంటి రాత్రి నిద్రపట్టే చోటు గాలాడే వసారా ఒక్కటే.

ఇక బతుకుతెరువు సంగతి. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున ఏరుకొచ్చిన ఇప్పపువ్వు వాకిట్లో ఎండాలి. వేసవిలో పొద్దున్నే కోసిన తునికాకును ఎండకు వాడిపోకముందే నీడన కూర్చుని 50 ఆకుల చొప్పున కట్టలు కట్టాలి. చింతపండు గింజ తీయాలి, వెదురు చీరి బుట్టలల్లాలి. వీటిలో ఏ పనీ నాలుగు గోడల గదిలో సాగదు. పిల్లలు పెద్దల పక్కన కూర్చుని పని నేర్చేదీ, దారిన పోయేవాళ్లతో మంచిచెడ్డలు మాట్లాడుకునేదీ అరుగు మీదే. జపాన్ సంప్రదాయ గృహాల్లో గదికీ తోటకూ నడుమ ఉండే ఎంగవ అనే చెక్క వసారాను ప్రపంచమంతా మెచ్చుకుంటుంది. మన గూడెం అరుగు అలాంటి స్థానంలోనే ఉంటూ, అదనంగా ఒక కుటుంబాన్ని పోషిస్తోంది.

పాత ఇంటి కష్టాలు మరి? గడ్డి కప్పును తరచూ మార్చాలి, చెదలు పడతాయి, నిప్పు భయం. ఆ ఇంట్లో బతికినవాళ్లు పక్కా ఇల్లు కోరుకోవడం పూర్తిగా న్యాయం. అయితే వదులుకోవాల్సింది గడ్డిని గాని వసారాను కాదు. ఇటుక గోడ, స్లాబు వేసిన ఇంటికీ లోతైన చూరు దించవచ్చు. పాములు, దోమల భయం నిజమే. రాత్రికి తలుపు మూసుకునే గది, ఎత్తైన అరుగు, మంచానికి దోమతెర దానికి మందు, వసారా తీసేయడం కాదు. 1986లో భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు, 2022లో 71.3 అడుగులకు ఎగసిన గోదావరిని ఏ అరుగూ ఆపలేదు నిజమే. ఒడ్డు ఊళ్లకు ఎత్తైన చోటే రక్ష. కానీ మామూలు వానాకాలపు నీటికి ఎత్తైన దిమ్మె ఇప్పటికీ మంచి జవాబు. ఖర్చు మాటకొస్తే, వసారాకు గోడలు, తలుపులు, కిటికీలు అక్కర్లేదు. గదికయ్యే ఖర్చు దానికి కాదు.

అందుకే ఇంటి సాయాన్ని గోడల లోపలి అడుగులతోనే ముడిపెట్టకుండా, ఆరడుగుల వెడల్పు వసారాకూ నిధుల్లో వాటా ఇవ్వాలి. ఇంటి ముఖం ఎటు ఉండాలో, పందిరి ఎక్కడ పడాలో ఆ ఇంటి ఆడవాళ్లను అడిగి గీయాలి. ఆ చోట ఎక్కువ పని చేసేది వాళ్లే. ఇల్లు కట్టాక డబ్బు మిగిలితే చూసుకునే అలంకారంగా కాక, ఆ కుటుంబపు మొదటి గదిగా వసారా నమూనాలోకి ఎక్కాలి.