ఎవరైనా వింటున్నారా?

అమెరికాలో మార్క్ మిల్లర్ రూపొందించిన ‘ట్రావెలర్’ ఆట 1977లో వచ్చింది. ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు పాత్రలై పాచికలు వేసే అంతరిక్ష ఆట అది. పెట్టె మీద నౌక బొమ్మ లేదు. నల్లటి అట్ట, ఎర్రటి గీత, ఒక మొర. అంతే. బేవుల్ఫ్ అనే సరుకుల నౌక పిలుస్తోంది. తన మీద దాడి జరుగుతోంది. ఇంజన్ పోయింది, లోపల గాలి తగ్గిపోతోంది. మళ్లీ పేరు చెప్పి, ‘మేడే’ అన్నాక మాట ఆగిపోతుంది.

ఆ పిలుపు ఫలానా వారికని కాదు, వినేవాళ్లు ఎవరున్నా వాళ్లకే. గజేంద్రుడూ పేరు పెట్టి పిలవలేదు. బ్రహ్మాదులు విని కూడా కదల్లేదని పోతన చెప్తాడు. విష్ణువు మాత్రం ఉన్నపళంగా పరుగెత్తాడు. ట్రావెలర్ సామ్రాజ్యంలో పదకొండు వేలకు పైగా లోకాలున్నా, అలా పరుగెత్తే వీలు ఎవరికీ లేదు. నక్షత్రాల మధ్య ఒక్కో గెంతుకు దగ్గరైనా దూరమైనా వారం పడుతుంది. రేడియోది కాంతివేగమే కాబట్టి ఒక్క పార్సెక్ దాటాలన్నా మూడేళ్లు మించుతుంది. ‘సిగ్నల్ జీకే’ అనే అక్కడి ఆపద సంకేతం ఆ చుట్టుపక్కల తిరిగే నౌకలకే పనికొస్తుంది. వాళ్లు విన్నారా, బతుకు. లేదా, లేదు.

ఈ ఊహకు మూలం సముద్రంలో ఉంది. ‘మేడే’ అన్న మాట మాత్రం 1923లో లండన్ దగ్గరి క్రోయిడన్ విమానాశ్రయంలో పుట్టింది. సాయం చేయమనే ఫ్రెంచి మాటకు అది ఇంగ్లీషు పలుకు. సముద్రం మీద పిలిచేటప్పుడు మేడే మూడుసార్లు, నౌక పేరు మూడుసార్లు, ఆపై ఉన్న చోటు చెప్పాలి. ఏం జరిగిందన్నది ఆ తర్వాతే. మధ్యలో గొంతు తెగిపోయినా వెతికేవాళ్లకు దిక్కు తెలియాలిగా! బేవుల్ఫ్ పిలుపులో ఆ చోటే లేదు. చదివిన ప్రతిసారీ నా మనసు కలుక్కుమనేది అక్కడే.

టైటానిక్ తన చోటు చెప్పింది గానీ, సుమారు 13 నాటికల్ మైళ్ల తేడాతో చెప్పింది. అటుగా బయల్దేరిన కార్పేథియా నౌకకు దారిలోనే పడవలు కనబడ్డాయి, 700 మందికి పైగా బతికారు. అంతకన్నా దగ్గర్లో కాలిఫోర్నియన్ అనే మరో నౌక ఆగి ఉంది. దాని ఏకైక వైర్‌లెస్ ఆపరేటర్ పగలంతా పనిచేసి, మంచుకొండ తగలడానికి కాసేపు ముందే రేడియో కట్టేసి పడుకున్నాడు. అతన్ని తప్పుపట్టలేను. రాత్రంతా వినాలన్న నియమమే అప్పటికి లేదు.

ఆ తర్వాత వచ్చిన ఏర్పాట్లలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది రేడియో గది గడియారం. దాని ముఖం మీద 15 నుంచి 18 దాకా, 45 నుంచి 48 దాకా ఎర్ర రంగు పూసి ఉండేది. పెద్ద ముల్లు ఆ ఎరుపులో ఉన్నంతసేపు, ఆపద కబురు తప్ప, ఆపద పిలుపులకు ఉంచిన 500 కిలోహెర్ట్జ్ తరంగం మీద ఎవరూ ఏమీ పంపకూడదన్నది అప్పటి నియమం. ఎంత అవసరమైన వ్యాపార సందేశమైనా ఆగాల్సిందే. గంటకు రెండుసార్లు, మూడేసి నిమిషాలు, సముద్రాల మీద వేలమంది ఆపరేటర్లు కీ మీంచి చెయ్యి తీసి, చెవులకు ఫోన్లు అదుముకుని, ఎక్కడో సన్నగా వినిపించే ఎస్ఓఎస్ మొదటి మూడు చుక్కల కోసం ఊపిరి బిగబట్టి కూర్చునేవారు.