కట్టి తెచ్చిన చీర

పెళ్లి ముహూర్తాలు అయిపోయిన వారంలో ఆదోనిలో ఏ చిన్న బట్టల దుకాణంలోనైనా ఓ గంట కూర్చోండి. కొత్తగా కొనేవాళ్లతో పాటు, కవరు చంకలో పెట్టుకుని వాపసుకు వచ్చేవాళ్లూ కనిపిస్తారు. మొన్న ఒకామె వచ్చింది.

"అన్నా, రంగు మా పాపకు నచ్చలేదంట. వాపసు తీసుకో."

"కట్టలేదు కదక్కా?"

"యాడ కట్టేదన్నా, మడతే ఇప్పలే."

దుకాణదారు చీరను గుమ్మం దగ్గరికి, వెలుతురులోకి తెచ్చి కింది అంచు చూశాడు. కుచ్చిళ్లు నేలకు రాసుకున్నంత మేరా సన్నని మట్టి గీత. పైట భుజం మీదికి వచ్చే చోట రెండు పిన్నీసు బొక్కలు. ఏమీ అనకుండా వేరే చీర ఇచ్చి పంపాడు. ఎందుకని అడిగితే, "వాళ్ల వీధిలో పది ఇండ్లు నా దగ్గరే కొంటాయి సార్" అన్నాడు.

లెక్క వేసి చూడండి. వెయ్యి రూపాయల చీర మీద ఆయనకు 150 మిగులుతుందనుకుందాం. కట్టి తెచ్చిన చీర మళ్లీ వెయ్యికి పోదు. 600కు వదిలించుకుంటే అసలులోనే 250 పోయింది. అది పూడాలంటే మరో రెండు చీరలు అమ్మాలి. టోకు వ్యాపారి మట్టి అంటిన చీర వెనక్కి తీసుకోడు. పైగా ఇది పత్తి ఊరు. పత్తి మార్కెట్ యార్డుకు చేరి డబ్బు చేతికొచ్చేదాకా ఎన్నో రైతు ఇళ్ల కొనుగోళ్లు ఆయన ఖాతా పుస్తకంలోనే ఉంటాయి. అరువు ఇచ్చినవాడి మీదే ఈ బరువు కూడా వేయడం అన్యాయం. ఆ మాట గట్టిగానే అంటాను.

అలాగని "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డును నేను సమర్థించను. లోపమున్న సరుకు విషయంలో ఆ బోర్డు చెల్లదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, బిల్లులో గడువు రాసి ఉంటే ఆ లోపు, లేకపోతే 30 రోజుల్లోపు లోపమున్న వస్తువును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వాల్సిందే. బిల్లు ఇవ్వకపోవడమూ తప్పే. మొదటి ఉతుకుకే రంగు దిగితే మొహమాటపడకుండా తీసుకెళ్లండి, డబ్బే అడగండి. నచ్చకపోవడం వేరే సంగతి. అక్కడ మనకున్నది హక్కు కాదు, ఆయన మంచితనం. ఆన్‌లైన్‌లో ఒక్క నొక్కుతో వెనక్కి పంపే అలవాటు ఈ తేడాను మరిపించింది.

చేనేత ఊరైన ఎమ్మిగనూరు వైపు వెళ్తే ఇలాంటి వాపసుల నష్టం దుకాణంతో ఆగదు. చేనేత చీరకు లేని లోపం అంటగట్టి వాపసు ఇస్తే, అది దుకాణం నుంచి నేత పని పురమాయించే మాస్టర్ వీవర్‌కు, అక్కడి నుంచి మగ్గం దగ్గరికి పోయి కూలిలో కోతగా తేలుతుంది. చేత్తో నేసినదానిలో అక్కడక్కడ పోగు కాస్త లావుగా తగలడం లోపం కాదు. ఆ సంగతి కొనేటప్పుడే కొనేవాళ్లకు చెప్పాల్సిన పని అమ్మేవాళ్లదే. మాచాని సోమప్ప 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన ఊరు అది. నష్టం ఒక్క మగ్గం మీదే పడకూడదన్న ఆలోచన అక్కడివాళ్లకు కొత్త కాదు.

దసరా బేరాలు మొదలయ్యేలోగా రెండు ఊళ్ల దుకాణదారులూ ఆ పాత బోర్డు తీసేసి ఇలా రాయించాలని నా కోరిక: లోపముంటే 30 రోజుల్లో డబ్బు వాపసు. నచ్చకపోతే మూడు రోజుల్లో, మడత విప్పకుండా, బిల్లుతో తెస్తే మార్పిడి. కట్టిన చీర, ఫాల్ కుట్టించిన చీర, జాకెట్టు ముక్క కత్తిరించిన చీర తీసుకోము. అమ్మేటప్పుడే ఆ మూడు మాటలూ నోటితో కూడా చెప్పి, బిల్లు వెనక ముద్ర వేసి ఇస్తే, పది ఇళ్లకు భయపడి మట్టి గీత చూసీ చూడనట్టు ఊరుకోవాల్సిన అవసరం ఆయనకు ఉండదు.