దూలానికి ఇనుప అలంకారం: ఒక విమర్శ

మండువా లోగిలిలో దూలానికి బిగించిన ఉయ్యాల కొక్కేన్ని గమనించండి. కమ్మరి కడ్డీని కొలిమిలో కాల్చి, సాగదీసి, సుత్తితో వంచుతాడు. కర్రలోని నారలాగే లోహపు పోగులు తెగకుండా వంపు వెంటే సాగుతాయి. బరువు మోసే వంపే ఇక్కడ అలంకారం.

జీడిమెట్ల వంటి పారిశ్రామికవాడల్లో రేకును కత్తిరించి, వంచి, వెల్డింగ్ చేసి బ్రాకెట్లు తయారుచేయవచ్చు. అది తప్పు కాదు. కొలతలు ఒకేలా వస్తాయి, ధర తగ్గుతుంది. అయితే రేకుపై సుత్తి దెబ్బల గుర్తులను అచ్చొత్తి కమ్మరిపనిగా అమ్మడం మోసం. అతికించిన చుట్ట బరువు మోయదు. రంగు కింద అతుకు దాగిపోతుంది. కమ్మరి శ్రమ విలువ పడిపోతుంది.

అందువల్ల విమర్శకుడు మొదట వేయవలసిన ప్రశ్న: ఈ వంపు ఏ పని చేస్తోంది?

అభ్యాసం: మీకు తెలిసిన ఒక కొక్కేన్ని ఈ ప్రమాణంతో పరిశీలించి రాయండి.