కొల్ల అనే మాట ఎక్కడ వాడాలి?

ఏటా ఫిబ్రవరి 22న, ఈస్టిండియా కుంపిణీ మీద తిరగబడిన పాలెగాడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వర్ధంతి వార్త మా డెస్కుకు వస్తుంది. ఒక విలేకరి ‘ఖజానా ముట్టడి’ అంటాడు, ఇంకొకరు ‘ఖజానా దోపిడీ’ అంటారు. నా కలం మాత్రం ‘కొల్లగొట్టాడు’ దగ్గరే ఆగుతుంది.

దొంగ కళ్లుగప్పి పోతాడు. కొల్లగొట్టేవాడు మందిని వేసుకుని, అందరూ చూస్తుండగానే వస్తాడు. 1816లో పిండారీలు గుంటూరు సీమ మీద పడి చేసింది కొల్లే. చిత్రమేమంటే ఇదే మాట ‘కొల్లలుగా’ అయ్యేసరికి సమృద్ధి అయిపోతుంది. దోచుకొచ్చినదానికి లెక్కాపత్రం ఉండదు గనక కాబోలు. మా సీమలో పంట బాగా పండితే ‘దండిగా’ అంటాం లెండి, అది ఏ నాలుగేళ్లకో ఒకసారి.

నరసింహారెడ్డి కోవెలకుంట్ల ఖజానా మీద పడింది 1846లో. అప్పటికి ఆ ఊరు ఇంకా కడప జిల్లాలోనే ఉండేది. పాలెగాళ్ల పాలెం పోయింది, కోట పోయింది. నరసింహారెడ్డికి మిగిలింది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల తవర్జీ, అంటే భరణం. ఊళ్లకు కాపలా కాసే కట్టుబడి బంట్రోతుల ఇనాం భూములను కూడా కుంపిణీ లాగేసుకుంది. దానికి దస్తావేజులున్నాయి, ముద్రలున్నాయి, కాబట్టి ఏ కచేరీ కాగితమూ దాన్ని కొల్ల అనలేదు. నరసింహారెడ్డి జనంతో వచ్చి ఖజానా పట్టుకుపోతే మాత్రం దోపిడీ అయింది. 1847లో కోవెలకుంట్లలోనే ఆయన్ని ఉరితీశారు. తలను 1877 దాకా కోట బురుజుకు వేలాడదీశారు.

ఆయన చేసిందీ కొల్లే. వీరుడి పక్కన ఆ మాట వద్దని బతిమాలేవాళ్లతో నాకు పేచీ ఉంది. మాట మార్చాల్సింది ఆయన దగ్గర కాదు, భూములు లాక్కున్నవాళ్ల దగ్గర.

ఈ కాలం వార్తల్లోనూ అంతే. శేషాచలం అడవుల్లో రాత్రిపూట ఎర్రచందనం దుంగలు మోసుకుపోవడం దొంగతనం, అలాగే రాయండి. పట్టపగలు వాగులో ప్రొక్లెయినర్లు దింపి, ట్రాక్టర్లు బారులు తీర్చి ఇసుక ఎత్తుకుపోతుంటే, ఊరంతా గట్టు మీద నిలబడి చూస్తుంటే, ‘అక్రమ తవ్వకాలు’ అని మెత్తగా రాస్తున్నాం. పల్లెల్లోని మా విలేకరి తమ్ముళ్లకు ఒక్క మనవి: ఈసారి ఆ వార్త పంపేటప్పుడు ‘వాగును కొల్లగొడుతున్నారు’ అని రాయండి. డెస్కులో నేను కొట్టేయను.